బోరు చీటీలకు లింకులు కట్టిన రోజులు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నా ప్రమోషన్ల కథ ఉండదు. వచ్చినవి రెండు, రెండూ ఆలస్యంగానే వచ్చాయి. వాటి గురించి అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ట్రేసరుగా చేరి, మ్యాపులు గీసి గీసి కళ్లజోడు తెచ్చుకుని, ఆఖరికి కంప్యూటరు ముందు కూర్చుని రిటైరయ్యాను. పల్లెలకు తాగునీటి బోర్లు వేయించే ఆఫీసు మాది. జనం బోర్లాఫీసు అనేవాళ్లు, నేనూ అదే అంటాను.

ఇప్పుడు అటువంటి ఆఫీసుల్లో కీబోర్డు ముందు కూర్చోబోతున్న అమ్మాయిలు, అబ్బాయిల కోసం ఇది రాస్తున్నాను. ఫార్ములాలు మీకు నాకంటే బాగా వచ్చు, అందులో సందేహం లేదు. ఒక ఫార్ములా తప్పితే ఎండాకాలంలో ఒక ఊరికి ఏమవుతుందో మాత్రం నేను దగ్గరుండి చూశాను. ఆ ఫార్ములా రాసింది నేనే కాబట్టి ఆ సంగతి నా నోటితో చెప్పడమే మర్యాద.

గోతాల్లో ఊళ్లు

బోరు చీటీ అంటే ఏమిటో ముందు చెప్పాలి. బోరు బండి నేలను తొలిచేటప్పుడు ఒక్కో ఇనుప రాడ్డు లోపలికి దిగుతుంది. రాడ్డు పొడవు ఇరవై అడుగులు. దిగినప్పుడల్లా బయటికి వచ్చే పొడిని చూసి మావాళ్లు ఒక కాగితం మీద రాసుకుంటారు. మొదటి రాడ్డు ఎర్రమట్టి, రెండోది గులకమట్టిలాంటి మొరుసు, మూడోది నల్లరాయి, ఇలా. రాయిలో ఎక్కడైనా సందు తగిలితే నీళ్లు పడతాయి. బండివాళ్లు దాన్ని గ్యాపు అంటారు. ఈ వివరాలన్నీ ఉన్న కాగితమే బోరు చీటీ.

అనంతపురం నేల సంగతి తెలిసినవాళ్లకు చీటీ విలువ చెప్పనక్కర్లేదు. ఒక ఊళ్లో తొమ్మిదో రాడ్డుకు నీళ్లు ఎగజిమ్ముతాయి. కూతవేటు దూరంలో ఉన్న ఇంకో ఊళ్లో పదిహేను దించినా దుమ్మే. అందుకని ఎండాకాలం బండిని ఏ ఊరికి పంపాలో తేల్చేముందు పాత చీటీ చూడటం తప్పనిసరి. చూడాలంటే అది దొరకాలి కదా! మా చీటీలు రెండు బీరువాల్లోనూ, పట్టనివి గోతాల్లోనూ ఉండేవి. ఒక ఊరి చీటీ వెతికేసరికి ఆ ఊరి సర్పంచి మూడు టీలు తాగి, ఆఫీసులో అందరి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకునేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాకు కంప్యూటరు వచ్చింది. ఆఫీసు మొత్తానికి ఫ్యాను సరిగా తిరిగే ఒకే ఒక్క గది దానికి ఇచ్చారు. మనుషులకు ఎన్నడూ ఇవ్వలేదు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలన్నారు. మ్యాపులు గీసే పని తగ్గిపోయి ఖాళీగా కనిపిస్తున్నాను కాబట్టి దాన్ని నాకు అప్పగించారు. "గీతలు గీసిన చెయ్యి గదమ్మా పద్మావతీ, మౌసు నీకే బాగా తిరుగుతాది" అన్నారు మా పైఅధికారి చెన్నకేశవులు సారు. అది పొగడ్తో, పని అంటగట్టడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నీలం రంగు

చీటీలన్నీ టైపు చేయడానికి ఏడాదిన్నర పట్టింది. ఒక్కో చీటీ ఒక్కో ఫైలు. ఫైలుకు ఊరి పేరు పెడదామంటే జిల్లాలో కొత్తపల్లులే మూడు తేలాయి. అందుకని ఊళ్ల లిస్టులో ఏ ఊరికి ఏ సీరియల్ నంబరు ఉందో, ఫైలుకు ఆ నంబరే పేరు పెట్టాను. ఎంత తెలివైన పని చేశానో అనుకున్నాను. ఈ తెలివి గుర్తుపెట్టుకోండి.

లిస్టులో ఊరి పక్కన మౌసు నొక్కితే చీటీ తెరుచుకోవాలని నా ఆశ. మొదట్లో ఆ లింకులు చేత్తో పెట్టాను. ఒక గడి ఎంచుకో, మెనూలోకి పో, ఫైలు వెతుకు, సరే అను. మళ్లీ కింది గడి. రెండు మండలాలు పూర్తయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అంతలో కంప్యూటరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్, స్థలం చాలడం లేదని నా ఫోల్డరును వేరే డ్రైవులోకి మార్చి పోయాడు. మర్నాడు ఏ లింకు నొక్కినా ఫైలు లేదు పొమ్మంది. ఇంటికి పోయి మజ్జిగ తాగి మళ్లీ వచ్చి నొక్కాను, ఈలోగా బతికుంటాయేమోనని.

ఆ కోపంతోనే సహాయం మీట నొక్కి, పక్కన నిఘంటువు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. నాలుగు రోజులకు హైపర్‌లింక్ ఫార్ములా దొరికింది. ఈక్వల్ టు పెట్టి ఆ మాట రాసి బ్రాకెట్టు తెరవాలి. లోపల ఫోల్డరు ఉన్న చోటు రాసి, దానికి ఆ వరుసలోని సీరియల్ నంబరు గడిని అతికించాలి. తర్వాత కామా, ఆ తర్వాత గడిలో పైకి కనిపించాల్సిన మాట. నేను ఇంగ్లీషులో ఓపెన్ అని పెట్టాను. ఫోల్డరు ఉన్న చోటును పైన ఒక గడిలో విడిగా రాసి, ఫార్ములా అక్కణ్ణుంచి తీసుకునేలా చేశాను. ఇక మెకానిక్ దాన్ని ఎక్కడికి మోసుకుపోయినా ఆ ఒక్క గడి మారిస్తే చాలు.

ఒక వరుసలో రాసి, గడి మూల పట్టుకుని కిందికి లాగాను. లిస్టు చివరిదాకా ఓపెన్, ఓపెన్, ఓపెన్ అని నీలం రంగు పాకుతూ పోయింది. ఎక్కడో మధ్యలో ఒకటి నొక్కాను. చీటీ తెరుచుకుంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం నా పెళ్లిలో కూడా కలగలేదని మా ఆయనతో అన్నాను. ఆయన రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

తర్వాత నవ్వులపాలు కూడా అయ్యాను లెండి. ఆ లిస్టును ప్రింటు తీసి పై ఆఫీసుకు పంపితే అక్కణ్ణుంచి ఫోనొచ్చింది. "ప్రతి ఊరి పక్కనా ఓపెన్ అని రాసి గీత గీసినావే, ఏం ఓపెన్ చెయ్యాలమ్మా? కాయితం చించి చూడాల్నా?" సరేనని ఫ్లాపీలో వేసి పంపాను. అక్కడ నొక్కితే ఏదీ తెరుచుకోలేదు. చీటీలన్నీ నా కంప్యూటర్లోనే ఉంటే వాళ్లకెలా తెరుచుకుంటాయి? లింకంటే దారి మాత్రమే, సామాను కాదు. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక ఫ్లాపీ, ఒక అక్షింత చాలాయి.

చెన్నకేశవులు సారు

మంచి అధికారి ఎవరని నన్నడిగితే ఇప్పటికీ ఆయన పేరే చెప్తాను. అలాగని ఆయన పిచ్చి గురించి చెప్పకుండా ఉండను. ఆయన పిచ్చి సీరియల్ నంబరు. ఏ లిస్టు చూసినా మొదటి వరుసలో ఒకటి నుంచి చివరిదాకా ఒక్క అంకె తప్పకుండా ఉండాలి. మధ్యలో కొత్త ఊరు చేరితే పన్నెండు బై ఏ అని రాస్తే ఆయనకు అన్నం సయించదు. రిజిస్టర్ల కాలంలో ఏటా ఎండాకాలానికి ముందు ఊళ్లన్నీ కొత్తగా వరుస పెట్టించి, ఎర్రసిరాతో నంబర్లు మళ్లీ వేయించేవారు. అది మా ఆఫీసు ఆచారం. కాగితం మీద దానివల్ల ఎవరికీ నష్టం లేదు. చీటీ మీద ఊరి పేరు ఉండేది, మనిషి కన్ను పేరే చూసేది.

ఆయనకు ఇంకొకటి గిట్టేది కాదు. చీటీ తెరవగానే పైన ఊరి పేరు, మండలం, మంజూరు వివరాలు వగైరా చాంతాడంత ఉండేవి. రాడ్ల పట్టిక నలభయ్యో వరుసలో మొదలయ్యేది. "ఈ పైనుండేదంతా ఎవరిక్కావాలమ్మా? నాకు రాళ్లు చూపించు, నీళ్లు చూపించు" అని విసుక్కునేవారు. ఫార్ములాలో ఫైలు పేరు తర్వాత షీటు పేరూ గడి పేరూ చేరిస్తే లింకు నేరుగా ఆ గడి దగ్గరే దిగుతుంది. అలాగే చేశాను. నొక్కగానే నలభయ్యో వరుస. ఆయన కుర్చీలో వెనక్కి వాలి "ఇదీ పనంటే" అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఊరి పేరును తెరమీద కనపడకుండా చేశానని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ ఏడు మాఘమాసం పోగానే ఎప్పటిలాగే పిలిచారు. కొత్త బోర్లు చేరాయి, లిస్టు అక్షరాల వరుసలో పెట్టి సీరియల్ కొత్తగా వేయమన్నారు. వరుస మార్చాను. ఒకటి, రెండు అని రాసి కిందికి లాగాను. ఎర్రసిరాతో మూడు రోజులు పట్టే పని మూడు నిమిషాల్లో అయిపోయింది. లింకులన్నీ మునుపటి లాగే నీలంగా మెరుస్తున్నాయి. రెండుమూడు నొక్కి చూశాను, చక్కగా తెరుచుకున్నాయి.

తెరుచుకున్నాయి గాని, అవి ఆ ఊళ్లవి కావు. ఊళ్ల నంబర్లు మారాయి, ఫైళ్ల నంబర్లు పాతవే. ఫార్ములా పాపం నేను చెప్పినట్టే కొత్త నంబరు తీసుకుని, ఆ నంబరున్న ఫైలు తెరిచింది. పైన ఫైలు పేరు కూడా లిస్టులో నంబరుతో సరిపోయింది. చెడిపోయిన లింకు ఫైలు లేదని చెప్పి మన పరువు కాపాడుతుంది. తప్పు ఫైలు తెరిచే లింకు ఏమీ అనకుండా ఊరుకుంటుంది. నా సర్వీసులో నేర్చుకున్న వాటిలో ఇదే పెద్దది.

పదకొండు ముళ్లు

ఆ ఎండాకాలం యాడికి మండలం వైపు ఒకే ఒక్క బోరుకు వీలుంది. బోరు బండి ఆ వైపు ఒక వారమే ఉంటుంది, తర్వాత వేరే జిల్లాకు పోతుంది. అడుగుతున్న ఊళ్లు రెండు. ఒకటి దిగువమిట్ట, ఇంకొకటి పెద్దోబన్న కొట్టాల. రెండు చోట్లా మూడు రోజులకొకసారి వచ్చే ట్యాంకరు మీదే బతుకుతున్నారు. సారు నా పక్కన కూర్చుని రెండు లింకులూ నొక్కించారు. దిగువమిట్ట చీటీలో తొమ్మిదో రాడ్డుకు నీళ్లు. కొట్టాల చీటీలో రెండో రాడ్డు నుంచి చివరిదాకా నల్లరాయి, బోరు ఫెయిలు. ఇంకేముంది, బండి దిగువమిట్టకు, కొట్టాలకు ట్యాంకరే గతి అని తేలిపోయింది.

నాలుగో రోజు పొద్దున ఒకావిడ తిన్నగా సారు గదిలోకి వచ్చింది. యాభై దాటిన మనిషి, చంకలో గుడ్డసంచి. కొట్టాల వార్డు మెంబరు ఓబుళమ్మ. నేను ఏదో సంతకానికి అక్కడే ఉన్నాను.

"మా ఊరు కొట్టేసినారంట గదా సార్ లిస్టులో."

"కొట్టేయలేదమ్మా. మీ నేలలో నీళ్లు ల్యావు. పోయినసారి వేసిన బోరు ఫెయిలు."

"ఫెయిలా? ఆరేండ్లు తాగినాం సార్ ఆ నీళ్లు! ఊరు తాగింది, గొర్రెలు తాగినాయి. మొన్న పై నీళ్లు ఎండినాయి గాని, ఫెయిలంటారేమప్పా?"

ఆఫీసుకు వచ్చే ప్రతివాళ్లూ తమ ఊరి నేల బంగారమనే చెప్తారు. అందుకని మాకు వినీ విననట్టు ఉండటం అలవాటు. పైగా నా పనిని ఎవరైనా శంకిస్తే నాకు ముక్కు మీదే కోపం. "కంప్యూటర్లో ఉండాదమ్మా. నేను చెప్తాండేది కాదు" అన్నాను.

ఓబుళమ్మ నన్ను ఎగాదిగా చూసి సంచిలోంచి పాత చీర పేలిక ఒకటి తీసి సారు టేబులు మీద పరిచింది. దానికి వరసగా పదకొండు ముళ్లు ఉన్నాయి. "మీ కంప్యూటరు ఏం చెప్తాదో నాకు తెలీదు. బోరేసిన దినం బండికాడ కూర్చోని నేను కట్టినవి ఇవి. రాడ్డు దిగినప్పుడల్లా ఇంత పొడి, ఒక ముడి. మా అత్త బావి తవ్వించినప్పుడు గూడ ఇట్లనే కట్టింది. మా ఇండ్లల్లో అందరం కడతాం. విప్పి చూడు."

ఒక్కొక్కటే విప్పాను. మొదటిది ఎర్రమట్టి. రెండోది పసుపుపచ్చటి మొరుసు, మూడోదీ అదే. నా చీటీ ప్రకారం అక్కడ నల్లరాయి ఉండాలి. తొమ్మిదో ముడికి పసుపు పూసి ఉంది. లోపల రవ్వలాంటి సన్న ఇసుక, తడిసి ఆరి గట్టిపడింది.

"నీళ్లు పడింది ఈడ" అంది ఓబుళమ్మ.

సారు నా వైపు చూశారు. నేను ఆమెను నా గదికి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టి లింకు నొక్కాను. నలభయ్యో వరుస తెరుచుకుంది. "ఇది మీ ఊరిదే, పైన పేరు చూపిస్తా చూడు" అని గర్వంగా తెరను పైకి జరిపాను. లిస్టులో నంబర్లు మారిన తర్వాత నేను ఏ చీటీనీ పైకి జరిపి చూడటం అదే మొదలు. అక్కడ వజ్రకరూరు మండలంలో ఎక్కడో ఉన్న ఊరి పేరుంది.

ఫైలు మూసి మళ్లీ తెరిచాను, ఈసారైనా మారుతుందేమోనని. ఇంకో ఊరు నొక్కాను. తప్పు. ఇంకోటి. అదీ తప్పే. దిగువమిట్ట నొక్కి పైకి జరిపాను. పెద్దోబన్న కొట్టాల అని ఉంది. పక్కన కూర్చున్న ఓబుళమ్మకు ఇంగ్లీషు రాదు. ఆ అరనిమిషం నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదని నాకు తట్టింది. తట్టిందని రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

సారును పిలిచాను. "తప్పు నాది సార్" అని మొత్తం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సీరియల్ మార్చమన్నది నేను గదమ్మా."

"సీరియల్ మింద లింకు కట్టింది నేను సార్. ఊరి పేరు కనపడకుండా చేసింది గూడ నేనే."

"అది గూడ నేనే అడిగినా."

"ఎవరిదైతే ఏమప్పా! మా చీటీ తీయండి ముందు" అంది ఓబుళమ్మ.

అధికారులు చాలామందిని చూశాను. తప్పు బయటపడగానే కింది మనిషి పేరు వెతికేవాళ్లే ఎక్కువ. ఆయన ఆ రోజు చేసిన పని వేరు. చొక్కా చేతులు మడిచి, కంప్యూటరు మాట ఒకసారి నమ్మింది చాలని, గోతం కుమ్మరించి నాతోపాటు నేల మీద కూర్చుని అసలు కాగితాలు వెతికారు. సాయంత్రం ఆఫీసు మూసేలోపే రెండూ దొరికాయి. కొట్టాల చీటీ ముళ్లతో అక్షరాలా సరిపోయింది. చివర్లో, పదకొండో రాడ్డుకు మళ్లీ తేమ తగిలిందని, రాడ్లు లేక ఆపామని కూడా రాసి ఉంది. దిగువమిట్ట చీటీలో మూడో రాడ్డు నుంచి నల్లరాయి, నీటి జాడ లేదు. బోరు బండి అప్పటికే దిగువమిట్ట చేరింది, పొద్దున్నే పని మొదలుపెడుతుంది.

పని సంగతి

మిగతాది చెప్పేముందు, లింకులు రాసేవాళ్లకు నేను తర్వాత చేసిన మార్పులు చెప్పేస్తాను. సీరియల్ వరుసను సారుకే వదిలేశాను. ఆయన ఏడాదికి పదిసార్లు మార్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఒక్కో బోరుకు విడిగా ఒక నంబరు ఇచ్చాం. పుట్టినప్పుడు ఇచ్చిన నంబరు బోరు ఎండిపోయినా మారదు, ఇంకో బోరుకు రాదు. ఫైలు పేరు అదే, ఫార్ములా తీసుకునేదీ అదే. ఊరి పేరును రాడ్ల పట్టిక నెత్తిమీదికే, నలభయ్యో వరుసలోకే తెచ్చాను. పట్టిక ఒక వరుస కిందికి జరిగింది. ఓపెన్ అనే మాట తీసేసి గడిలో ఊరి పేరే కనిపించేలా చేశాను. నొక్కిన పేరూ తెరుచుకున్న పేరూ ఒకటేనా అని కన్ను దానంతటదే చూసుకుంటుంది. లిస్టు వరుస మార్చిన ప్రతిసారీ పది లింకులు నొక్కి, లోపలున్నది చదవండి. తెరుచుకుంటే చాలదు.

దిగువమిట్ట

మర్నాడు తెల్లవారగానే జీపులో బయలుదేరాం. దారిలో సారు ఒకటే మాట అన్నారు. "ఆ ఊర్లో నువ్వే చెప్పాలమ్మా. నేను పక్కన నిలబడ్తా."

మేం పోయేసరికి బోరు బండి ఊరి బయట నిలబడి ఉంది. బోరు వేయబోయే పాయింటు దగ్గర కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ వేశారు. ఆడవాళ్లు బిందెలు కూడా తెచ్చుకుని వరసగా పెట్టుకున్నారు. బండి నడిపే మస్తాన్ నన్ను చూసి "ఏమక్కా, ఇంత పొద్దున్నే?" అన్నాడు. నేను జనం ముందుకు పోయి, రెండు కాగితాలూ పట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాను. మీ చీటీ అనుకుని వేరే ఊరి చీటీ చూశాం. ఇక్కడ నల్లరాయి. తప్పు నాది.

తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన ఒకాయన, లక్ష్మన్న అని తర్వాత తెలిసింది, ముందుకొచ్చాడు. "నీళ్లు చూపించింది నువ్వే, తీసుకోని పోతాండేదీ నువ్వేనా తల్లీ?" అన్నాడు.

"నేనే నాయనా" అన్నాను.

మస్తాన్ ఎవరి ముఖమూ చూడకుండా బండి ఎక్కి ఇంజను వేశాడు. బిందెలు తీసుకుని ఆడవాళ్లు వెనక్కి మళ్లడం జీపులోంచి కనబడింది. నా సర్వీసు మొత్తంలో నాకు సిగ్గేసిన రోజు అదొక్కటే.

కొట్టాల

పాత బోరుకు పది అడుగుల పక్కన కొత్త పాయింటు పెట్టారు. ఓబుళమ్మ బండికాడ గొంతుకూర్చుని కొత్త పేలిక తీసింది. తొమ్మిదో రాడ్డుకు పొడి కొంచెం తడిగా వచ్చింది, అంతే. పదకొండుకు ఇంకొంచెం తడి. పన్నెండుకు మళ్లీ రాతి దుమ్ము లేచింది. పదమూడుకూ అదే దుమ్ము. అందరం పిండి మర మనుషుల్లా తయారయ్యాం.

మస్తాన్ ఇంజను తగ్గించాడు. "సార్, మంజూరైన రాడ్లు అయిపోయినాయి."

సారు నా వైపు చూశారు. నేను చీటీ మళ్లీ చదివాను. తేమ అని ఉంది, నీళ్లు అని లేదు. రెండు ఊళ్లకూ నీళ్లు లేకుండా చేశానా అనే భయం పట్టుకుంది. ఓబుళమ్మ మాత్రం తలెత్తకుండా పదమూడో ముడి బిగిస్తోంది.

"ఇంకొకటి దించప్పా. రాసేది నేను రాసుకుంటాలే" అన్నారు సారు.

పద్నాలుగో రాడ్డు సగం దిగాక బండి శబ్దం మారింది. మస్తాన్ "గ్యాపూ!" అని కేక పెట్టాడు. ఆ వెంటనే బురద, దాని వెనక నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచి మా అందరి నెత్తినా పడ్డాయి. సారు కళ్లజోడు ఎటో పోయింది. ఊరు ఊరంతా తడిసి కేకలు పెడుతోంది. నేను ఏడుస్తున్నానని ఎవరికీ తెలియలేదు, ముఖమంతా బురదే కదా.

గోల తగ్గాక ఓబుళమ్మ చీర పిండుకుంటూ సారు దగ్గరికొచ్చింది. థాంక్స్ చెప్తుందనుకున్నాం. "సార్, మాకొచ్చే ట్యాంకరు ఇంగ మాకొద్దు. దిగువమిట్టకు రాయండి. మస్తాన్ చెప్పినాడు ఆడ జరిగింది."

"మోటరు దించేకి రెండు దినాలు పడ్తాదమ్మా. అంతవరకన్నా ఉంచుకోండి."

"మూడు దినాలకొకసారి వచ్చే నీళ్లతోనే బతికితిమి, రెండు దినాలు ఓర్చుకోలేమా? మోటరు పడినాక ట్యాంకరు మా బోరుకాడే నింపుకోండి, వాళ్లకు ఈడి నుంచే దగ్గర. రాయండి సార్, ఇప్పుడే, నేను చూస్తాండంగ."

కళ్లజోడు లేకుండా, జీపు బానెట్ మీద తడి కాగితం పెట్టుకుని, సారు రాశారు.

మూడో రోజు, శనివారం, మోటరు బిగించారు. ట్యాంకరు అక్కడే నింపారు. పోవాల్సిన పని లేకపోయినా డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుని దిగువమిట్ట పోయాను. ఊళ్లోకి పోగానే బిందెలు వచ్చాయి. లక్ష్మన్న నన్ను చూసి మొదట ముఖం తిప్పుకున్నాడు. తర్వాత తనే వచ్చాడు.

"యాడివమ్మా ఈ నీళ్లు?"

"పెద్దోబన్న కొట్టాలవి. ఆ దినం మీ పేరు మింద మేం చూసిన చీటీ వాళ్లదే. ఇంగనుంచి వాళ్ల వంతు ట్యాంకరు గూడ మీకే ఇమ్మన్నారు."

ఆయన కొళాయి కింద దోసిలి పట్టి నిదానంగా తాగాడు. మళ్లీ పట్టి తాగాడు. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను. తలగుడ్డతో మూతి తుడుచుకుని అన్నాడు, "వాళ్లకు చెప్పు తల్లీ, తాగినామని."

మర్నాడు ఆదివారం, ఆఫీసు లేదు. బస్సెక్కి కొట్టాల పోయి, ఓబుళమ్మ ఇంటి ముందు నిలబడి, ఆ మాట చెప్పి వచ్చాను.